కూలెంట్ తగ్గిందంటే ఎక్కడికో పోతున్నట్టే

పోయిన మే నెల, రోహిణి కార్తె. గుంటూరులో పెళ్లి భోజనం చేసి మధ్యాహ్నం రెండింటికి విజయవాడ బయల్దేరాం. కాజ టోల్‌గేటు దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. మంగళగిరి దగ్గరికి వచ్చేసరికి ఏసీలోంచి వెచ్చటి గాలి రావడం మొదలైంది, గ్యాస్ తగ్గిందేమో రేపు చూపిద్దాం అనుకున్నాం. కుంచనపల్లి దగ్గర డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగింది. వెనక సీట్లో అమ్మ, పక్కన మా చిన్నది, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, ఇప్పుడు హైవే పక్కన ఆపితే వీళ్లని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఇంకెంత, వారధి దాటితే ఊళ్లో పడ్డట్టే కదా అని పోనిచ్చాను. వారధి ఎక్కకముందే బండి లాగడం మానేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి, కాసేపటికి ఇంజిన్ ఆగిపోయింది.

బిల్లు 58,400 రూపాయలు. ఇంజిన్ పైభాగమైన హెడ్ దించడం, లేత్‌లో దాన్ని చదును చేసే ఫేసింగ్, గ్యాస్‌కెట్ సెట్టు, ఆయిలు, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంటు, లేబరు, టోయింగు అన్నీ కలిపి. అసలు పాడైన వస్తువు ఇంజిన్ వెనక వైపు ఉండే ఒక ప్లాస్టిక్ పైపు జాయింటు. దాని ధర అదే బిల్లులో 640 రూపాయలని రాసి ఉంది.

640 కాస్తా 58 వేలు ఎలా అయిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇందులో నా తప్పు కొంత, అంతకుముందు నాలుగు నెలలు బండి చూసినవాళ్ల తప్పు కొంత ఉంది. ఇదే కథ మన చుట్టుపక్కల ప్రతి ఎండాకాలం ఎన్నో ఇళ్లలో జరుగుతోంది కాబట్టి, అసలు ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో మొదట్నుంచి చెప్తాను.

పెట్రోలు గానీ డీజిల్ గానీ సిలిండర్‌లో మండినప్పుడు ఆ మంట వేడి క్షణకాలం 2,000 డిగ్రీలకు పైన ఉంటుంది. ఇప్పటి ఇంజిన్లలో ఆ మంటకు పైకప్పులా ఉండే హెడ్ అల్యూమినియంతో చేసింది, ఆ లోహం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మండిన ఇంధనంలోని శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే బండిని నడపడానికి పనికొస్తుంది, దాదాపు ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా పొగతోపాటు బయటికి పోతుంది. మిగిలిన వేడిలో చాలా భాగాన్ని ఇంజిన్ గోడల్లోంచి ఎప్పటికప్పుడు లాగి బయట పారబోయాల్సింది కూలెంటే. అంటే మనం బండి నడుపుతున్న ప్రతి నిమిషం, ఆ వేడి లాగడం ఆగిన మరుక్షణం నుంచీ పాడవడం మొదలయ్యే ఒక లోహపు ముక్కను ఈ ద్రవం కాపాడుతూ ఉంటుంది.

దారి ఇలా ఉంటుంది. వాటర్ పంపు కూలెంట్‌ను ఇంజిన్ బ్లాకులోకి, హెడ్‌లోకి తోస్తుంది. వేడెక్కిన కూలెంట్ థర్మోస్టాట్ దగ్గరికి వస్తుంది. అది చిన్న తలుపు లాంటిది, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉండి, చాలా బళ్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక కూలెంట్ రేడియేటర్‌లోకి వెళ్లి, సన్నటి గొట్టాల గుండా పారుతూ గాలికి వేడిని వదిలేసి, మళ్లీ పంపు దగ్గరికి వస్తుంది. హైవే మీద ఎదురుగాలి సరిపోతుంది, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం ఫ్యాన్ ఒక్కటే దిక్కు. అందుకే ఫ్యాన్ పాడైన బండి హైవే మీద బాగానే పరిగెత్తి ఊళ్లోకి రాగానే వేడెక్కుతుంది. అదే రేడియేటర్ లోపల పూడుకుపోయిన బండి అయితే ఊళ్లో సర్దుకుంటూ హైవే మీద స్పీడు పెరిగినప్పుడు వేడెక్కుతుంది. ఈ ఒక్క తేడా మెకానిక్‌కి స్పష్టంగా చెప్పగలిగితే సగం వెతుకులాట తప్పుతుంది.

ఇక కూలెంట్ పోసే చోట ఉండే మూత. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ మొత్తం వ్యవస్థ దాని మీదే నిలబడుతుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. మామూలు గాలిలో నీళ్లు 100 డిగ్రీలకు మరిగిపోతాయి, కూలెంటూ నీళ్లూ సగం సగం కలిపితే 106, 108 డిగ్రీల దాకా ఆగుతుంది, మూత గట్టిగా ఉండి లోపల ఒక బార్ (దాదాపు మామూలు గాలి ఒత్తిడంత) అదనపు ప్రెషర్ నిలబెడితే 125 దాటేదాకా మరగదు. మూతలోని స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు ఎండిపోయినా ఆ ప్రెషర్ నిలవదు. అప్పుడు మిగతా పార్టులన్నీ బాగానే ఉన్నా ట్రాఫిక్‌లో కూలెంట్ మరిగి పొంగి బయటికి పోతుంది. కుక్కర్ గ్యాస్‌కెట్ వదులైతే స్టవ్వు మార్చం కదా, కానీ కారు విషయంలో కొన్ని వందల రూపాయల మూత చూడకుండా వేల రూపాయల రేడియేటర్ మార్చేసిన బళ్లు ఆటోనగర్‌లో అడిగితే ఎన్నైనా చూపిస్తారు.

మనకేమన్నా మంచు పడుతుందా, కూలెంట్ ఎందుకు, నీళ్లు పోసేస్తే పోలా అనే మాట ఇప్పటికీ వింటున్నాం. వేడిని మోసుకుపోవడంలో ఒట్టి నీళ్లు కూలెంట్ కంటే మెరుగే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నీళ్లు తొందరగా మరుగుతాయి, పైగా అల్యూమినియాన్ని, ఇనుమును లోపల్నుంచి తినేస్తాయి. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఆపే మందులుంటాయి, పంపు సీలు అరగకుండా చూసేదీ అదే. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఎలా ఉంటాయో గీజరు విప్పి చూసినవాళ్లకి తెలుసు, కాయిల్ మీద సున్నం పెచ్చులు కట్టి ఉంటాయి. అదే సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో కడుతుంది. దారిలో వేరే గతిలేక పోసినప్పుడు తప్పులేదు, బండి ఆగిపోవడం కంటే బోరు నీళ్లే నయం, కాకపోతే ఇంటికి చేరాక ఆ నీళ్లన్నీ తీసేసి కడిగి కూలెంట్ నింపాలి. నింపాల్సింది మీ బండి మాన్యువల్‌లో రాసిన రకమే. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అంటూ రంగు చూసి కొనొద్దు, ఏ రంగు ఏ రకానిదనే కట్టుబాటు కంపెనీల మధ్య లేదు. రెండు పడని రకాలు కలిస్తే లోపల బురదలా గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టకపోయినా తుప్పును ఆపే గుణం తగ్గిపోతుంది. ఇంకో సంగతి, మామూలుగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. నేల మీద ఒలికితే కుక్కలు నాకుతాయి, పసిపిల్లలు వేలు పెడతారు, వెంటనే కడిగేయండి.

ఇప్పుడు నా బండి విషయానికి వస్తాను. జనవరిలో సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కూలెంట్ ట్యాంకు మీది మిన్ (కనీస మట్టం) గీత కిందికి ఉందని టాప్ అప్ చేశారు. మార్చిలో మళ్లీ తగ్గింది. రేడియేటర్ లీకవుతోందని చెప్పి మార్చేశారు, పదకొండు వేలు. ఏప్రిల్‌లో మళ్లీ తగ్గింది. ఎండాకాలం కదండీ, తగ్గుతుంది అన్నారు, మళ్లీ పోశారు. నేను నమ్మాను, ఎండలు అలా ఉన్నాయి కాబట్టి నమ్మబుద్ధేసింది.

ఆ మాట తప్పు. కూలెంట్ పెట్రోలు లాగా వాడకంలో ఖర్చయ్యేది కాదు. అది మూసిన దారిలో తిరుగుతూ ఉండేది. వేడిగా ఉన్నప్పుడు మట్టం కాస్త పైకి, చల్లగా ఉన్నప్పుడు కాస్త కిందికి ఉంటుంది, కొన్ని బళ్లలో ఏడాదికి గోరంత ఆవిరి కావచ్చు, అంతే. నాలుగు నెలల్లో మూడుసార్లు పోయాల్సి వచ్చిందంటే ఎక్కడో కారుతోంది. చివరికి బండి చేరిన ఆటోనగర్ షెడ్డులో ఒక పెద్దాయన, అక్కడ అందరూ బాబాయ్ అంటారు, మొదట అడిగిన ప్రశ్న ఇదే: "కూలెంటు తాగే బండి ఉండదు బాబూ, ఎటు పోతోందో ఎవరన్నా చూశారా?" ఎవరూ చూడలేదు. ఆయన మూత తీసి అక్కడ చేతిపంపు లాంటి ప్రెషర్ టెస్టర్ బిగించి గాలి కొట్టారు, ముల్లు నిలబడకుండా దిగుతూ వచ్చింది, టార్చిలైటు వేసి ఇంజిన్ వెనక్కి చూపించారు. ప్లాస్టిక్ జాయింటు చుట్టూ తెల్లగా ఉప్పు పొరలాంటిది పేరుకుని ఉంది. అక్కడ కారిన ప్రతి చుక్కా వేడి ఇంజిన్ మీద పడి ఆవిరైపోయింది కాబట్టి ఇంటి ముందు నేల మీద ఎప్పుడూ మరక పడలేదు. మార్చిలో ఇదే పరీక్ష చేసి ఉంటే ఆ పదకొండు వేలూ, మే నెల యాభై ఎనిమిది వేలూ రెండూ మిగిలేవి.

కూలెంట్ పోయే దారులు లెక్కపెడితే మరీ ఎక్కువేమీ లేవు. హోస్ పైపులు, క్లిప్పులు, రేడియేటర్ పక్కల ఉండే ప్లాస్టిక్ ట్యాంకులు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి పెరిగిన కూలెంట్ చేరే డబ్బా) సన్నటి పగులు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లబడి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, పాత రోజుల ఇత్తడి రేడియేటర్లకు టంకం పెట్టినట్టు వీటికి పెట్టలేరు, మార్చాల్సిందే. వాటర్ పంపుకి అడుగున ఒక చిన్న బెజ్జం ఉంటుంది, లోపలి సీలు పోతే అక్కడి నుంచి కారి హెచ్చరించడానికే దాన్ని పెట్టారు, మూసేయకూడదు. కారు లోపల తీపి వాసన వస్తూ అద్దానికి జిడ్డు పొగమంచు పడుతుంటే హీటర్ కోర్ (కారులోకి వెచ్చటి గాలినిచ్చే చిన్న రేడియేటర్) లీకు. మనం హీటర్ ఎప్పుడూ వేయకపోయినా చాలా బళ్లలో కూలెంట్ అందులోంచి తిరుగుతూనే ఉంటుంది. ముందు సీటు కింద కార్పెట్ తడిసిందనగానే భయపడకండి, ఏసీ నీటి గొట్టం మూసుకుపోయినా తడుస్తుంది. వేలికి అంటించి చూస్తే ఏసీది ఒట్టి నీళ్లు, కూలెంట్ జిగురు. డీజిల్ బళ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) లోపల చిట్లితే కూలెంట్ నేరుగా సైలెన్సర్ దారి పడుతుంది, బయట ఎక్కడా చుక్క కనపడదు.

అన్నిటికంటే ఖరీదైన దారి హెడ్ గ్యాస్‌కెట్. బ్లాకుకూ హెడ్‌కూ మధ్య పలచటి పొర అది, మంటను, ఆయిల్‌ను, కూలెంట్‌ను వేటి దారిలో వాటిని ఉంచుతుంది. హెడ్ వేడెక్కి వంగితే ఆ పొర పట్టు తప్పుతుంది. సైలెన్సర్‌లోంచి ఆగకుండా తెల్లటి పొగ, ఆయిల్ మూత కింద మజ్జిగ మీగడ లాంటి పదార్థం, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో బుడగలు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే హోస్ రాయిలా గట్టిపడడం దాని గుర్తులు. ఇవి చూసి కూడా వెంటనే హెడ్ దించమని ఒప్పుకోవద్దు. కూలెంట్ మీది గాలిని ఒక నీలం రంగు ద్రవం గుండా పంపించే పరీక్ష ఉంది, సిలిండర్‌లోని పొగ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. కొన్ని నిమిషాల పని. కొన్నాళ్లు వాడిన బండి కొనేటప్పుడు కూడా ఇది చేయించుకోండి, ముఖ్యంగా 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు నీళ్లలో మునిగిన బళ్లు చేతులు మారి ఉండొచ్చు. వాటి ఫ్యాన్ కనెక్టర్లు, రేడియేటర్ రెక్కల మధ్య బురద తప్పకుండా చూడాలి.

రేడియేటర్ రెక్కల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, డెల్టా ఊళ్లకు తిరిగేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. నూర్పిళ్లప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, ఆ పొట్టూ దుమ్మూ, రాత్రిపూట పురుగులూ అన్నీ ముందున్న ఏసీ కండెన్సర్‌కీ వెనకున్న రేడియేటర్‌కీ మధ్య సందులో దూరి చాపలా పరుచుకుంటాయి. బయటికి కనపడదు. అసలే ఏసీ వేస్తే కండెన్సర్ మీదుగా వేడెక్కిన గాలే రేడియేటర్‌కి అందుతుంది, అదీ 45 డిగ్రీల విజయవాడ ఎండలో, దానికి ఈ అడ్డం కూడా తోడైతే కొత్త బండి కూడా తట్టుకోదు. ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి ముందుకి కడిగించండి.

ఎర్ర లైటు వెలిగినప్పుడు ఏం చేయాలన్నది నేను ఎంత చెప్పినా తక్కువే. ఆపండి. ఆపడానికి చోటు దొరికే ఆ కొద్ది క్షణాలు ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్లుగా పెట్టండి, ఎండలో నరకంలా ఉంటుంది గానీ ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. తర్వాత ఇంజిన్ ఆఫ్ చేసి కనీసం ముప్పావు గంట వదిలేయండి. మూత ముట్టుకోవద్దు, లోపల ప్రెషర్‌లో ఆగి ఉన్న ద్రవం మూత తీయగానే ఒక్కసారి మరిగి మొహం మీదికి చిమ్ముతుంది, చర్మం ఊడొస్తుంది. కాలుతున్న ఇంజిన్ మీద, లోపల కూడా, చల్లటి నీళ్లు పోయొద్దు, హెడ్ పగలొచ్చు. చల్లబడ్డాక నీళ్లు పోసి చూసి, మట్టం నిలవకపోతే టోయింగ్ పిలవండి. టోయింగ్ వాన్ ఖర్చు కొన్ని వేలు ఎక్కువనిపిస్తుంది, హెడ్ పని ముందు అది చాలా తక్కువ.

టెంపరేచర్ ముల్లును మరీ నమ్మొద్దు. చాలా బళ్లలో కంపెనీవాళ్లు కావాలనే ముల్లును మధ్యలో నిలబడేలా పెడతారు, అసలు వేడి పదీ ఇరవై డిగ్రీలు పెరిగినా అది కదలదు, కదిలిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. కొన్ని బళ్లలో ముల్లే లేదు, ఇంజిన్ చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు మాత్రమే. ఇంకా ప్రమాదం ఏమిటంటే, సెన్సరు కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది, కూలెంట్ మొత్తం పోతే అది ఖాళీ గాలిలో ఉండి తప్పు చూపించొచ్చు. నాకు మొదటి హెచ్చరిక ఎర్ర లైటు కాదు, మంగళగిరిలో వచ్చిన వెచ్చటి గాలి. ఇంజిన్ వేడెక్కుతుంటే చాలా బళ్లలో కంప్యూటరే ఏసీ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఆ సంగతి తెలిసి ఉంటే మంగళగిరిలోనే చెట్టు నీడన ఆపేవాణ్ణి.

షెడ్డుల్లో రెండు చిట్కాలు చెప్తారు, రెండూ వద్దు. ఒకటి థర్మోస్టాట్ తీసేయడం. మన ఎండలకి అదెందుకు అంటారు. తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి రాదు, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తుంది, మైలేజి పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేదీ అదే కాబట్టి, అది లేకపోతే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగి ఇంకా వేడెక్కుతుంది. రెండోది ఫ్యాన్ డైరెక్ట్ ఇవ్వడం, అంటే వేడితో పనిలేకుండా ఎప్పుడూ తిరిగేలా నేరుగా కరెంటు కలపడం. రిలేనో సెన్సరో పోతే ఇంటికి చేరడానికి ఒక పూట పర్వాలేదు, శాశ్వతంగా అలా వదిలేస్తే ఫ్యాన్ మోటారు త్వరగా కాలిపోతుంది, వైరింగ్ మీదా భారం.

డబ్బు సంగతి. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటాం. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్, ఒక నష్టం వెంబడి వచ్చే మరో నష్టం మినహాయింపుల్లో ఉంటాయి. రాయి తగిలి రేడియేటర్ చిల్లుపడితే రేడియేటర్‌కి ఇస్తారు, ఆ తర్వాత నడిపినందుకు ఇంజిన్ పోతే అది మీ తప్పంటారు. వారంటీలోనూ ఎర్ర లైటు వెలిగాక నడిపారని తేలితే చిక్కే. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ తీసుకునేవాళ్లు అందులో నీళ్లు, ఆయిల్ లీకుతోపాటు కూలెంట్ నష్టం ఉందో లేదో చదివి తీసుకోండి.

ఏ పార్టు మార్చాలని చెప్పినా, ఏ పరీక్ష చేసి తేల్చారో అడగండి, జాబ్ కార్డు (చేసే పనులు రాసే షెడ్డు కాగితం) మీద రాయించుకోండి. ప్రెషర్ టెస్టులో ముల్లు ఎంత దిగిందో, ఎక్కడ కారుతోందో మీ కళ్లకి చూపించమనండి. అడిగితే చూపించే మంచి మెకానిక్‌లు మన ఆటోనగర్‌లో చాలామంది ఉన్నారు. తప్పుడు పనికి డబ్బు పోయిందని కాగితాలతో చూపించగలిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు, రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు.

మార్చిన పాత పార్టు కూడా తప్పకుండా వెనక్కి తీసుకోండి. మార్చిలో తీసేసిన రేడియేటర్‌ని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు, ఇంట్లో ఒక మూల పడేశాను. ఇంజిన్ పని పూర్తయిన రోజు దాన్ని ఆటోనగర్ పట్టుకెళ్తే బాబాయ్ రెండు చివర్లు మూసి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచారు. ఇద్దరం వంగి పది నిమిషాలు చూశాం. ఒక్క బుడగ రాలేదు.